హ్యుగె తరహాలో హాయిగా దుస్తులు ధరించడం ఎలా?

డెన్మార్క్ ప్రజల రోజువారీ మాటలలో ‘హ్యుగె’ ఒకటి. కిటికీ అవతల గాలీ వానా కొడుతుంటే, లోపల చిన్న దీపం వెలుగులో, ఇష్టమైన నలుగురితో, ఎవరి ముందూ ఏదీ నిరూపించుకోవలసిన అవసరం లేకుండా కూర్చున్నప్పుడు కలిగే నిశ్చింతకు వాళ్ళు పెట్టుకున్న పేరు అది. 2016 ప్రాంతంలో ఈ మాట బయటి దేశాలకు పాకినప్పుడు దానితోపాటు కొవ్వొత్తులు, బొచ్చు దుప్పట్లు, లావుపాటి మేజోళ్ళు అమ్మే వ్యాపారం కూడా పాకింది. ఫలానా వస్తువులు కొంటే హ్యుగె దానంతట అదే వస్తుందన్న అభిప్రాయం అప్పుడే స్థిరపడింది. దుస్తుల విషయంలో మాత్రం ఈ హాయి ఒక వరుస మీద ఆధారపడి ఉంటుందని నా అభిప్రాయం. ముందు ఒళ్ళు వెచ్చగా, పొడిగా ఉండాలి. తరువాత బట్ట మెత్తగా ఉండాలి. చూపుకు ఎలా ఉందన్న ఆలోచన ఆ రెండూ కుదిరాక రావాలి. చదువు కోసమో ఉద్యోగం కోసమో డెన్మార్క్ వెళ్తున్నవారినీ, అక్కడ మొదటి చలికాలం గడుపుతున్నవారినీ దృష్టిలో పెట్టుకుని ఆ వరుసను ఇక్కడ వివరిస్తున్నాను.

మొదట ఆ చలి ఎలాంటిదో తెలుసుకోండి

డెన్మార్క్ చలి అనగానే మోకాలి లోతు మంచును ఊహించుకుని, మైనస్ 20 డిగ్రీలకు తయారుచేసిన బరువైన జాకెట్ ఒకటి కొనేసి, ఆ ఒక్కదానితో గడిపేద్దామనుకోవడం కొత్తగా వెళ్ళేవారు తరచుగా చేసే పొరపాటు. కోపెన్‌హాగెన్‌లో జనవరి సగటు ఉష్ణోగ్రత సున్నాకు కాస్త ఎగువనే, ఒకటి రెండు డిగ్రీల దగ్గర ఉంటుంది. అక్కడ మనిషిని వణికించేవి గాలీ, తడీ. దేశంలో సహజంగా ఏర్పడిన అత్యంత ఎత్తైన ప్రదేశం మోలెహోయ్ ఎత్తు 171 మీటర్లకు మించదు. ఆపడానికి కొండలు లేని ఆ చదునైన నేల మీద సముద్రపు గాలి అడ్డూ ఆపూ లేకుండా వీస్తుంది. సున్నా డిగ్రీల దగ్గర గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి అది సుమారు మైనస్ 6 డిగ్రీల చలిలా తగులుతుంది. డిసెంబరు చివరి వారాలలో ఉదయం ఎనిమిదిన్నర దాటాక గానీ తెల్లవారదు, మధ్యాహ్నం మూడున్నర దాటేసరికి సూర్యుడు అస్తమిస్తాడు.

ఇంటి లోపలి సంగతి వేరు. అక్కడి ఇళ్ళను సాధారణంగా 20, 21 డిగ్రీల దగ్గర ఉంచుతారు. 2022లో ఇంధన ధరలు పెరిగినప్పుడు ప్రభుత్వ భవనాలను 19 డిగ్రీలకు తగ్గించారు. అంటే మీరు ఒకే రోజులో అనేకసార్లు గాలి కొట్టే వీధిలో నుంచి వెచ్చని గదిలోకీ, గదిలో నుంచి వీధిలోకీ మారుతూ ఉంటారు. అందువల్ల ఒక్క మందపాటి వస్త్రం కంటే, ఒకటి తీసినా మిగిలినవి చక్కగా ఉండేలా పొరలు పొరలుగా వేసుకోవడమే సరైన పద్ధతి.

పాదాల నుంచి మొదలుపెట్టండి

పాదాలు చల్లగా ఉంటే ఒంటి మీద ఎంత మంచి స్వెటర్ ఉన్నా హాయి అనిపించదు. కాబట్టి డబ్బు తక్కువగా ఉంటే ముందు రెండు జతల మంచి ఉన్ని మేజోళ్ళు కొనండి. ఇరుకైన బూటులో రెండు మేజోళ్ళు ఒకదానిపై ఒకటి తొడగడం వల్ల ప్రయోజనం లేదు. వెచ్చదనాన్ని నిలిపేది బట్ట మధ్య చిక్కుకున్న గాలి, బిగుతుగా నొక్కితే ఆ గాలీ పోతుంది, రక్తప్రసరణా తగ్గుతుంది. చలికాలపు బూట్లు కొనేటప్పుడు మందపాటి మేజోళ్ళు తొడుక్కుని దుకాణానికి వెళ్ళి, లోపల వేళ్ళు ఆడించగలుగుతున్నారో లేదో చూసుకోండి.

డేనిష్ ఇంట్లోకి అడుగుపెట్టగానే బూట్లు విప్పడం ఆచారం. గుమ్మం బయట చెప్పులు విడిచే అలవాటున్న మనకు ఇందులో కొత్తేమీ లేదు. అయితే మనం విడిచాక చల్లని గచ్చు మీద ఉత్త కాళ్ళతో తిరుగుతాం, వాళ్ళు వెంటనే ‘యెమ్మెస్కో’ తొడుక్కుంటారు. యెమ్మెస్కో అంటే ఇంట్లో వేసుకునే పాదరక్షలు. శిశుకేంద్రాలలో పిల్లలకు కూడా ఇవి విడిగా ఒక జత ఉంటాయి. వీటిలో ఫెల్ట్‌తో చేసినవి, అంటే ఉన్నిని తడిపి రుద్ది దళసరి బట్టలా గట్టిపరచి చేసినవి ఉత్తమం. 1993లో నానీ గ్లెరుప్ అనే మహిళ మొదలుపెట్టిన గ్లెరుప్స్ సంస్థ ఇలాంటివాటికే పేరు పొందింది. ఫెల్ట్ చెమటను పీల్చుకుంటుంది కాబట్టి లోపల మేజోళ్ళు లేకుండా కూడా తొడుక్కోవచ్చు. ధర ఎక్కువ అనిపిస్తే దళసరి ఉన్ని మేజోళ్ళకే అడుగున తోలు ముక్క కుట్టించుకోండి. నున్నని చెక్క నేల మీద కాలు జారకుండా ఉంటుంది.

ఒంటికి తగిలే పొరలో నూలు వద్దు

తెలుగు నేల మీద నూలు బట్టకు మించిన సుఖం లేదు, అది చెమటను పీల్చుకుని నెమ్మదిగా ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది కాబట్టి. సరిగ్గా ఆ గుణమే డెన్మార్క్‌లో శత్రువు అవుతుంది. సైకిల్ తొక్కి వచ్చిన తరువాత వీపుకు అంటుకున్న తడి నూలు బనియను, మీరు కూర్చున్న అరగంట సేపూ ఒంటి వేడిని లాగేస్తూనే ఉంటుంది. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమను పోగులలోకి పీల్చుకుని కూడా తడిగా తగలదు. అందుకే అక్కడ చంటిపిల్లలకు మొదట తొడిగేది ఉన్ని లోదుస్తులనే. పిల్లల తోపుడు బండిలో పడుకోబెట్టి చలికాలంలో కూడా ఆరుబయట నిద్రపుచ్చే అలవాటు ఆ ఉన్ని పొరను నమ్ముకునే సాగుతోంది.

‘ఉన్ని గుచ్చుకుంటుంది’ అన్నది మనవారు వెంటనే చెప్పే అభ్యంతరం. మనకు తెలిసిన ఉన్ని దక్కనీ గొర్రెల ఉన్ని, కురుమలు నేసే గొంగడి ఉన్ని. వాననూ చలినీ ఆపడంలో దానికి సాటి లేదు గానీ, దాని పోగు ముతక. గుచ్చుకోవడం అనేది పోగు మందాన్ని బట్టి ఉంటుంది. పోగు 30 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాటితే దాని కొస చర్మం మీద వంగకుండా పొడుస్తుంది. 19 మైక్రాన్లకు అటూ ఇటూగా ఉండే, మెరినో అనే జాతి గొర్రెల పోగు తాకగానే వంగిపోతుంది, అందుకే మెత్తగా ఉంటుంది. లోపలి చొక్కాకు మెరినో గానీ, ఉన్నీ పట్టూ కలిపి అల్లినది గానీ ఎంచుకోండి. చదరపు మీటరుకు 200 గ్రాముల ప్రాంతంలో బరువున్న బట్ట చలికాలం మొత్తానికీ సరిపోతుంది. రెండు పై చొక్కాలు, ఒక కింది లెగ్గింగు ఉంటే చాలు, ఎందుకంటే ఉన్నిని రోజూ ఉతకనక్కర లేదు.

స్వెటర్: ఇక్కడ తొందరపడకండి

హ్యుగె దుస్తులకు ఏదైనా కేంద్రం ఉందంటే అది స్వెటరే, దాని వెనుక పెద్ద చరిత్ర కూడా ఉంది. జట్లాండ్ ద్వీపకల్పం మధ్యలో హెర్నింగ్ పట్టణం చుట్టూ ఉన్న నేల పూర్వం పంటలకు పనికిరాని బీడు. అక్కడి రైతు కుటుంబాలు గొర్రెలను పెంచి, ఆడా మగా పిల్లా పెద్దా అందరూ మేజోళ్ళు అల్లి, వాటిని ఊరూరా తిరిగి అమ్మేవారి చేతికి ఇచ్చి బతికేవి. చలికాలపు రాత్రులు ఒక్కో ఇంట్లో విడివిడిగా దీపం, పొయ్యి వెలిగించడం ఖర్చు కాబట్టి ఇరుగుపొరుగు వారంతా ఒకే ఇంట్లో చేరి, పాటలు పాడుకుంటూ కథలు చెప్పుకుంటూ అల్లేవారు. ఆ కూడికలను ‘బిండెస్టూ’ అనేవారు. జట్లాండ్ పలుకుబడిలో బిండె అంటే అల్లడం, స్టూ అంటే ఇంటి గది. ఒక్క దీపం, ఒక్క పొయ్యి, చేతిలో ఉన్ని, చుట్టూ తెలిసిన మనుషులు. పేదరికం నేర్పిన ఈ పొదుపులో హ్యుగె రూపురేఖలన్నీ ఉన్నాయని నాకు అనిపిస్తుంది.

స్త్రీలకు ‘నాట్‌ట్రోయె’ అనే అల్లిక రవిక ఉండేది. పేరుకు అర్థం రాత్రి చొక్కా. 17వ శతాబ్దంలో సంపన్నులు ఇంట్లో విశ్రాంతిగా ఉన్నప్పుడు వేసుకున్న పట్టు అల్లిక చొక్కాలను చూసి, తరువాతి కాలంలో పల్లె స్త్రీలు వాటిని ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల ఉన్నితో అల్లుకుని పగలు కూడా ధరించారు. ఒకే రంగు దారంతో, కుట్టు తిప్పి వేయడం ద్వారా మాత్రమే నక్షత్రాల వంటి నమూనాలు తేవడం వాటి ప్రత్యేకత. సుఖం కోసం పుట్టిన ఇంటి వస్త్రం పదిమందిలో వేసుకునే వస్త్రంగా మారిన తీరు గమనించదగినది.

ఈనాడు మీకు ఎదురయ్యే స్వెటర్లు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి జాలరుల స్వెటర్. హెర్నింగ్‌లో 1931లో సోరెన్ నీల్సెన్ స్క్యుట్ స్థాపించిన ఎస్.ఎన్.ఎస్. హెర్నింగ్ సంస్థ జాలరుల కోసం చేసిన స్వెటర్ల మీద చిన్న చిన్న బుడగల వంటి అల్లిక ఉంటుంది. ఆ బుడగలలో గాలి నిలిచి వెచ్చదనాన్ని కాపాడుతుంది. రెండవది డెన్మార్క్ రాజ్యంలో భాగమైన ఫారో దీవుల స్వెటర్, రెండు సహజమైన ఉన్ని రంగులతో చిన్న నమూనాలు వచ్చేలా అల్లేది. ‘ఉన్నే ఫారో దీవుల బంగారం’ అన్నది ఆ దీవుల సామెత. 2007లో డెన్మార్క్ టెలివిజన్‌లో మొదలైన ఒక నేరపరిశోధన ధారావాహికలో కథానాయిక వారాల తరబడి అలాంటి స్వెటరే వేసుకుని కనిపించడంతో దానికి దేశవిదేశాలలో గిరాకీ పెరిగింది. ఒక మహిళా పోలీసు అధికారి తన పని తాను చేసుకుపోతూ, ఒకే స్వెటర్‌ను మళ్ళీ మళ్ళీ వేసుకోవడం జనానికి అంతగా నచ్చిందంటే, సౌకర్యానికి ఆ సమాజం ఇచ్చే గౌరవం అర్థమవుతుంది.

మీకు ఏది కావాలో నిర్ణయించుకోవడానికి ఒక చిన్న పరీక్ష చేయండి. స్వెటర్ లోపలి వైపును మెడ పక్కన ఆనించి ఒక నిమిషం ఉంచండి. అర చేతికి మెత్తగా తోచినది కూడా మెడకు గుచ్చుకోవచ్చు. తరువాత చేతులు పైకెత్తండి, నడుము బయటపడకూడదు. లోపల ఒక చొక్కా పట్టేంత వదులు ఉండాలి, కానీ పైన కోటు వేసినప్పుడు చంకల కింద ముద్దగా పోగుపడకూడదు. మొదటి చలికాలానికి తల మీదుగా తొడిగే స్వెటర్ కంటే ముందు గుండీలున్న కార్డిగన్‌ను నేను సూచిస్తాను, వెచ్చని తరగతి గదిలోనో కార్యాలయంలోనో జుట్టు చెదరకుండా విప్పుకోవచ్చు. రంగు గురించి పెద్దగా ఆలోచించనక్కర లేదు. బూడిద, నలుపు, ముదురు నీలం అక్కడ ఎక్కువగా కనిపించేవే, అవి ఒకదానితో ఒకటి కలుస్తాయి కాబట్టి నాలుగు వస్త్రాలతో వారమంతా గడపవచ్చు.

గాలిని ఆపే పై పొర

స్వెటర్ కన్నాలలో నుంచి గాలి దూరుతుంది, కాబట్టి దాని పైన గాలినీ వాననూ ఆపే వదులైన కోటు తప్పనిసరి. వెనుక భాగం పిరుదులు దాటి ఉంటే సైకిల్ మీద నడుము చల్లబడదు. సైకిల్ తొక్కేవారికి వాన ప్యాంటు కూడా కావాలి, దాన్ని సంచిలోనే ఉంచుకోండి. ఇంటి నుంచి బయలుదేరినప్పుడు ఒంటికి కాస్త చలి తెలుస్తుంటే మీరు సరిగ్గా వేసుకున్నట్టే. పది నిమిషాలు తొక్కేసరికి ఒళ్ళు వేడెక్కుతుంది. బయలుదేరేటప్పుడే వెచ్చగా ఉంటే గమ్యం చేరేసరికి చెమటతో తడుస్తారు.

మెడకు పెద్ద ఉన్ని మఫ్లర్ వేసుకోండి. బస్సులో దాన్ని విప్పి ఒడిలో పెట్టుకోవచ్చు, సినిమా హాలులో భుజాల మీద శాలువాలా కప్పుకోవచ్చు. పిల్లలకైతే తల, చెవులు, మెడ కలిపి కప్పే టోపీని తొడుగుతారు. మనం మంకీ క్యాప్ అనే దాన్ని వాళ్ళు ‘ఎలెఫాంట్‌హూ’ అంటారు, అంటే ఏనుగు టోపీ.

గుమ్మం దగ్గర మారండి

ఇంటికి రాగానే కోటు, బూట్లు విప్పడంతో ఆపేయకండి. బయట వేసుకున్న ప్యాంటు వానకు చెమ్మగిల్లి ఉంటుంది, నడుము దగ్గర బిగుతుగా ఉంటుంది. ముఖం, చేతులు కడుక్కుని, పూర్తిగా ఇంటి బట్టల్లోకి మారండి. ఈ ఇంటి ప్యాంటుకు డేనిష్ భాషలో ప్రత్యేకంగా ఒక పేరుంది: ‘హ్యుగెబుక్సర్’. వీధిలోకి వేసుకుని వెళ్ళలేనంత పాతబడిపోయి, మోకాళ్ళ దగ్గర సాగిపోయి, అయినా పారేయడానికి చేతులు రాని మెత్తని ప్యాంటు అది. ఉతికి ఉతికి పలచబడిన లుంగీని కొత్త లుంగీ కంటే ఎక్కువగా ఇష్టపడే మన పెద్దవారిని గుర్తు చేసుకుంటే దీని విలువ తెలుస్తుంది. కాబట్టి దుకాణంలో హ్యుగెబుక్సర్ కోసం వెతకకండి. మీ దగ్గర ఉన్న పాత ప్యాంట్లలో నడుము పట్టీ వదులుగా ఉన్నదాన్ని ఎంచి, దాన్ని అందుకే కేటాయించండి. ఇంటి లోపల చెమట పట్టదు కాబట్టి ఇక్కడ నూలు బట్ట హాయిగా వేసుకోవచ్చు. పైన లోపలి ఉన్ని చొక్కా, దాని మీద కార్డిగన్, కాళ్ళకు ఫెల్ట్ చెప్పులు, ఒడిలో ఒక దుప్పటి ఉంటే చాలు.

శుక్రవారం సాయంత్రం కుటుంబమంతా మిఠాయిలు పెట్టుకుని టీవీ ముందు చేరే ‘ఫ్రెడేస్‌హ్యుగె’కు ఇదే దుస్తు. అందరూ ఒకే తీరుగా ఉండడం అక్కడ ముఖ్యం. ఒకరు మాత్రం ఇస్త్రీ మడతలతో కూర్చుంటే మిగిలినవారు తమ సాగిన మోకాళ్ళను చూసుకోవడం మొదలుపెడతారు.

ఇతరుల ఇంటికి వెళ్ళేటప్పుడు

హ్యుగెబుక్సర్ మీ ఇంటికే పరిమితం. ఎవరైనా భోజనానికి పిలిస్తే శుభ్రమైన స్వెటర్, మెత్తని ముదురు రంగు ప్యాంటు లేదా ఉన్ని గౌను సరిపోతాయి. బూట్లు విప్పవలసి వస్తుంది కాబట్టి చిరుగులు లేని మేజోళ్ళు వేసుకోండి. చలికి తట్టుకోలేనివారు తమ యెమ్మెస్కోను సంచిలో తీసుకువెళ్ళినా ఎవరూ తప్పుగా అనుకోరు.

ఒక జాగ్రత్తను మాత్రం గట్టిగా చెప్పాలి. డేనిష్ ఇళ్ళలో భోజనాల బల్ల మీద, కిటికీ అరుగుల మీద, ఒక్కోసారి నేలకు దగ్గరగా కూడా నిజమైన కొవ్వొత్తులు వెలుగుతుంటాయి. జార్జెట్ చున్నీ, పాలియెస్టర్ చీర కొంగు, వేలాడే చేతుల చొక్కా వీటి దగ్గర ప్రమాదకరం. కృత్రిమ దారం అంటుకుంటే కరిగి చర్మానికి పట్టేస్తుంది. ఉన్ని తేలికగా అంటుకోదు, అంటుకున్నా మంట తొలగగానే చాలావరకు ఆరిపోతుంది. చీర కట్టుకుని వెళ్ళదలచినవారు పట్టు చీర మీద కార్డిగన్ వేసి, కొంగును దాని లోపలికి దోపుకోవడం మంచిది.

కొనేటప్పుడు చీటీ చదవండి

ఇక్కడి నుంచి పెట్టె నిండా కొని తీసుకువెళ్ళవద్దు. లోపలి ఉన్ని చొక్కాలు కొత్తవి కొనండి, స్వెటర్లూ కోట్లూ మాత్రం అక్కడికి చేరాక రెడ్ క్రాస్, కిర్కెన్స్ కోర్స్‌హెర్ వంటి సేవాసంస్థలు నడిపే పాత వస్తువుల దుకాణాలలో వెతకండి. పాత బట్టలు కొనడాన్ని అక్కడ ఎవరూ చిన్నతనంగా చూడరు; పదేళ్ళు వాడిన చేతి అల్లిక స్వెటర్ యాక్రిలిక్ అనే కృత్రిమ దారంతో చేసిన కొత్త స్వెటర్ కంటే ఎంతో మేలు.

బట్టకు కుట్టిన చీటీ మీద చూడవలసిన డేనిష్ మాటలు రెండు: ‘ఉల్’ అంటే ఉన్ని, ‘బొముల్’ అంటే పత్తి. రెండో మాట చివర మొదటి మాట అలాగే ఉంటుంది కాబట్టి తొందరలో చూసి నూలు స్వెటర్‌ను ఉన్ని అనుకునే ప్రమాదం ఉంది. పూర్తి పదం చదవండి, పక్కనున్న శాతం కూడా చూడండి. ఉన్ని సగానికి తక్కువగా, యాక్రిలిక్ ఎక్కువగా ఉన్నది ధర తక్కువైనా వదిలేయండి. చిన్న కన్నం ఉంటే దారంతో రఫూ చేసుకోవచ్చు, కానీ వేడి నీళ్ళలో ఉతకడం వల్ల కుంచించుకుపోయి గట్టిపడిన స్వెటర్‌ను ఏ ఉపాయమూ తిరిగి సాగదీయలేదు.

ఉతకడం, దాచడం

ఉన్నిని ప్రతిసారీ ఉతకడం దానికి చేటు. వేసుకున్న రాత్రి కిటికీ దగ్గర గానీ బాల్కనీలో గానీ ఆరవేస్తే తేమ గాలిలో చాలా వాసన పోతుంది. మరక పడితే ఆ చోట మాత్రమే తుడవండి. ఉతకవలసి వచ్చినప్పుడు యంత్రంలో ఉన్ని కోసం కేటాయించిన పద్ధతిని, 30 డిగ్రీలకు మించని నీటిని వాడండి. సాధారణ పొడులలో మాంసకృత్తుల మరకలను కరిగించే ఎంజైములు ఉంటాయి. ఉన్నీ పట్టూ కూడా మాంసకృత్తులే కాబట్టి అవి పోగును తినేస్తాయి. ఉన్నికి ప్రత్యేకించిన సబ్బు వాడండి. పట్టు చీరలకు కుంకుడు రసం వాడిన ఇంటి నుంచి వచ్చినవారు ఆ పద్ధతిని ఇక్కడా నిశ్చింతగా పాటించవచ్చు. ఉతికాక పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, బల్ల మీద పరచి ఆరబెట్టండి. తీగ మీద వేలాడదీస్తే నీటి బరువుకు సాగిపోతుంది.

వసంతంలో దాచేముందు అన్నింటినీ తప్పక ఉతకండి. చెమట, ఆహారపు మరకలు ఉన్న చోటే చిమ్మెట పిల్లలు ముందు తింటాయి. కలరా ఉండల వాసన ఉన్నికి పట్టిందంటే నెలల తరబడి వదలదు, వాటికి బదులు మూత గట్టిగా పడే సంచి వాడండి. అనుమానం ఉన్న స్వెటర్‌ను ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఒక వారం ఫ్రీజర్‌లో ఉంచితే పురుగు చస్తుంది.

అయితే అన్నీ దాచేయకండి, ఒక కార్డిగన్ బయట ఉంచుకోండి. జూన్ 23న సాంక్ట్ హాన్స్ పండుగ రాత్రి సముద్రతీరాలలో పెద్ద మంటలు వేసి అందరూ చేరి పాడుకుంటారు. రాత్రి పదింటికి కూడా ఆకాశంలో వెలుగు ఉంటుంది గానీ, మంటకు ఎదురుగా ముఖం వేడెక్కుతుండగానే వీపుకు సముద్రపు గాలి చల్లగా తగులుతుంది. ఆ సాయంత్రం సైకిల్ సంచిలో దాన్ని మడిచి పెట్టుకుని వెళ్ళండి.